వెన్ను విరిగిన సైనికులకు ఆశ నేర్పిన వైద్యుడు – సర్ లుడ్విగ్ గుట్‌మన్

మనిషికి కూడు, గుడ్డ, నీడ ఎంత అవసరమో రేపటి మీద ఆశ కూడా అంతే అవసరం. ఈ మాట మన హాస్టల్ వార్షికోత్సవంలో ప్రతి సంవత్సరం ఎవరో ఒక పెద్దమనిషి వేదిక మీద చెబుతూనే ఉంటారు. మనం చప్పట్లు కొడుతూనే ఉంటాం. కానీ ఆశ పోయిన మనిషికి మళ్లీ ఆశ ఎలా కలిగించాలి? ధైర్యంగా ఉండు అని భుజం తట్టితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు మాటలతో కాక తన జీవితంతో జవాబు చెప్పిన ఒక వైద్యుని గురించి ఈ సంచికలో రాయాలనుకున్నాం.

మన సంచికల్లో మహనీయుల జీవితాలు అనగానే బాబాసాహెబ్ అంబేడ్కర్, మహాత్మా ఫూలే, మహాకవి జాషువా గుర్తుకు వస్తారు. వాళ్ల గురించి ఎన్నిసార్లు రాసినా తక్కువే. అయితే ఈసారి మనలో చాలామందికి పేరు కూడా తెలియని ఒక మనిషిని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, మన హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఆర్మీ ర్యాలీ కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే అన్నలను, తమ్ముళ్లను మనం రోజూ చూస్తున్నాం. చాలా ఇళ్లకు ఆ ఉద్యోగమే ఆధారం. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్‌పాల్ గారు కూడా సైన్యంలో సుబేదారుగా పనిచేసినవారే. అలా పరుగెత్తి సంపాదించుకున్న ఉద్యోగంలో ఒక తూటా తగిలి ఆ కాళ్లే ఆగిపోతే, తరువాత ఆ జవాను జీవితం ఏమిటని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

రెండో కారణం మా సొంతది. దాన్ని చివర్లో చెబుతాం. ముందు ఆయన కథ.

జననం, బాల్యం

లుడ్విగ్ గుట్‌మన్ 1899 జూలై 3వ తేదీన అప్పటి జర్మనీ సామ్రాజ్యంలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో, టోస్ట్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వారిది యూదు కుటుంబం. నలుగురు పిల్లల్లో ఆయన పెద్దవాడు, ఒక్కడే కొడుకు. ఆయనకు మూడేళ్ల వయసులో వారి కుటుంబం బొగ్గు గనులకు పేరుపడ్డ కోనిగ్‌షూట్ పట్టణానికి మారింది. మన సింగరేణి ప్రాంతం నుంచి వచ్చిన తమ్ముళ్లకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. బొగ్గు ఎక్కడ ఉంటే అక్కడ బతుకుతెరువు ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది.

తెర చాటు మంచం

1917లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, గుట్‌మన్ ఆ ఊరి ప్రమాదాల ఆస్పత్రిలో సహాయకుడిగా పనిచేశారు. అప్పటికి ఆయనకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు. మనలో ఇంటర్ చదివే తమ్ముళ్ల వయసు. అక్కడికి ఒకరోజు ఒక యువ గని కార్మికుడిని తెచ్చారు. దృఢమైన శరీరం. కానీ గనిలో జరిగిన ప్రమాదంలో వెన్ను విరిగింది. నడుము కింద భాగమంతా చచ్చుపడిపోయింది.

గుట్‌మన్ అతని వివరాలు శ్రద్ధగా రాయబోతే, అంత కష్టపడనవసరం లేదని, ఆ మనిషి కొద్ది వారాల్లో పోతాడని పెద్ద వైద్యులు చెప్పారు. అతని మంచం చుట్టూ తెరలు కట్టి మిగతా రోగులకు కనబడకుండా చేశారు. వాళ్లు చెప్పినట్టే అయిదు వారాల్లో ఒళ్లంతా పుండ్లు పడి, చీము విషం రక్తంలోకి ఎక్కి అతను చనిపోయాడు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ వైద్యులు చెడ్డవాళ్లు కారు. అప్పటి వైద్యశాస్త్రానికి తెలిసింది అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో నూటికి 80 మంది దాకా చనిపోయారని లెక్కలు చెబుతున్నాయి. కాబట్టి వెన్ను విరిగిందంటే మనిషి పోయినట్టే అని లోకమంతా నమ్మింది. కానీ ఆ కుర్రవాడి మనసులో తెర చాటున పడి ఉన్న ఆ కార్మికుని ముఖం నిలిచిపోయింది. తరువాత జీవితమంతా ఆయన ఆ సంగతి మరచిపోలేదు.

చదువు, పుట్టుక తెచ్చిన అవమానం

1918లో గుట్‌మన్ బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు. మరుసటి ఏడాది ఫ్రైబర్గ్‌కు మారి 1924లో డాక్టరు పట్టా పొందారు. యూదు విద్యార్థులను అవమానించడం ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో మామూలు. ఫ్రైబర్గ్‌లో ఆయన యూదు విద్యార్థుల సంఘంలో చేరారు. ఆ సంఘంలో చదువుతో పాటు వ్యాయామానికి, ఆటలకు పెద్దపీట వేసేవారు. బలహీనులని హేళన చేసేవారి ముందు తల ఎత్తుకొని నిలబడాలంటే ఒంట్లో సత్తువ ఉండాలని వాళ్లు నమ్మారు. ఆట మనిషికి ఆత్మగౌరవం ఇస్తుందన్న సంగతి ఆయనకు అప్పుడే అనుభవంలోకి వచ్చి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

తరువాత బ్రెస్లావ్‌లో ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అనే గొప్ప నాడీ వైద్య నిపుణుని వద్ద చేరి, ఆయనకు మొదటి సహాయకుని స్థాయికి ఎదిగారు. జర్మనీలో పేరున్న నాడీ వైద్యుల్లో ఒకరయ్యారు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేయకూడదని చట్టం వచ్చింది. ఇన్నేళ్ల చదువు, ఇన్నేళ్ల సేవ ఒక్క కాగితంతో చెల్లకుండా పోయాయి. ఆయన చేసిన తప్పు ఫలానా తల్లిదండ్రులకు పుట్టడం ఒక్కటే. పుట్టుకను బట్టి మనిషిని వెలివేయడం ఎలా ఉంటుందో ఈ హాస్టల్లో చదువుకున్న మనకు ఇంకొకరు వివరించనక్కరలేదు.

గుట్‌మన్ కుంగిపోలేదు. బ్రెస్లావ్‌లోని యూదు ఆస్పత్రిలో చేరి, 1937లో దానికి వైద్య సంచాలకులయ్యారు.

1938 నవంబరు రాత్రి

1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగాయి. పగిలిన అద్దాల రాత్రి అని చరిత్రలో దానికి పేరు. బ్రెస్లావ్‌లోని పెద్ద ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. యూదు మగవాళ్లను పట్టుకొని నిర్బంధ శిబిరాలకు తరలించసాగారు. ఆ రాత్రి గుట్‌మన్ తన సిబ్బందికి ఒక ఆజ్ఞ ఇచ్చారు. ఎవరు తలుపు తట్టినా, జబ్బు ఏమిటని అడగకుండా లోపల చేర్చుకోవాలి.

మరునాడు రహస్య పోలీసులు వచ్చారు. ఒక్క రాత్రిలో ఇంతమంది రోగులు ఎలా వచ్చారని నిలదీశారు. గుట్‌మన్ వారిని వెంటబెట్టుకొని మంచం మంచానికీ తిరిగారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు పేరు చెప్పారు. కొందరికి కళ్లతోనే సైగ చేసి రోగిలా ముఖం పెట్టించారు. ఆ విధంగా చేరిన 64 మందిలో 60 మందిని అరెస్టు కాకుండా కాపాడారు. దొరికిపోతే ముందు పోయేది తన ప్రాణమేనని ఆయనకు తెలియక కాదు.

పరాయి దేశంలో కొత్త బతుకు

యూదుల పాస్‌పోర్టులను అప్పటికే లాక్కున్నారు. అయితే పోర్చుగల్ పాలకుడు సలజార్ స్నేహితునికి వైద్యం చేయవలసి వచ్చి, జర్మనీ ప్రభుత్వమే గుట్‌మన్‌ను ఆ దేశానికి పంపింది. తిరుగు ప్రయాణంలో ఆయన లండన్‌లో ఆగారు. నాజీల వల్ల ఉద్యోగాలు పోయిన విద్యావంతులను ఆదుకునే సంఘం ఒకటి అక్కడ ఉండేది. ఆ సంఘం ఆయన కుటుంబానికి వీసాలు ఏర్పాటు చేసింది. 1939 మార్చిలో భార్య ఎల్జా, కొడుకు డెన్నిస్, కూతురు ఈవాతో కలిసి ఆయన ఇంగ్లండు చేరి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు. కొత్త భాష, కొత్త దేశం. కొద్ది నెలలకే యుద్ధం మొదలైంది. ఇంగ్లండు వారికి జర్మన్ అంటే శత్రువు. జర్మనీ వారికి యూదుడు శత్రువు. రెండు వైపులా పరాయివాడైన మనిషి ఆయన.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు ఎక్కువగా పరిశోధన పనే దొరికింది. దెబ్బతిన్న నరాలు మళ్లీ ఎలా పెరుగుతాయన్నది పరిశీలించేవారు. రోగుల మధ్య ఉండాలనే కోరిక మాత్రం తీరలేదు.

26 మంచాల వార్డు

1943లో బ్రిటిష్ ప్రభుత్వం ఐరోపా తీరం మీద పెద్ద దాడికి సిద్ధమవుతోంది. వేలమంది గాయపడతారని, వారిలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉంటారని అధికారులకు తెలుసు. వారి కోసం ప్రత్యేక కేంద్రం నడపమని ఆ సెప్టెంబరులో గుట్‌మన్‌ను అడిగారు. తోటి వైద్యులు కొందరు ఆశ్చర్యపోయారు. బాగుపడని రోగుల కోసం మంచి భవిష్యత్తును పాడుచేసుకోవడం ఎందుకని హితవు చెప్పారు. ఆయన ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నారు. వైద్యం తన పద్ధతిలో చేయనివ్వాలి, ఎవరూ అడ్డు రాకూడదు.

1944 ఫిబ్రవరి 1న లండన్‌కు వాయవ్యంగా, ఐల్స్‌బరీ పట్టణం దగ్గరున్న స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో ఆ కేంద్రం ప్రారంభమైంది. యుద్ధ అవసరానికి కట్టిన తాత్కాలికపు షెడ్లలాంటి వార్డులు. 26 మంచాలు. సిబ్బంది తక్కువ, సామాను తక్కువ. ఆ సంవత్సరం జూన్ 6న మిత్రపక్షాల సేనలు ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగాయి. ఆ తరువాత మంచాలు నిండసాగాయి.

రెండు గంటలకొకసారి

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. వెన్ను విరిగినవాళ్లు అంతకుముందు ఎందుకు చనిపోయేవారు? విరిగిన ఎముక వల్ల కాదు. మనం నిద్రలో కూడా తెలియకుండానే అటూ ఇటూ ఒత్తిగిలుతుంటాం. ఒకేచోట బరువు పడితే నొప్పి తెలుస్తుంది కాబట్టి కదులుతాం. వెన్నుపాము తెగినవాడికి నొప్పి తెలియదు, కదలలేడు. నడుము, పిర్రలు, మడమల దగ్గర ఎముకకు, పరుపుకు మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. అక్కడ పుండు పడి ఎముక దాకా లోతుకు పోతుంది. ఇది మొదటి శత్రువు. రెండోది మూత్రం. మూత్రాశయం మీద అదుపు పోయి మూత్రం నిలిచిపోతుంది. అందులో చీము పట్టి మూత్రపిండాల దాకా పాకుతుంది. ఈ రెండే ప్రాణాలు తీసేవి.

గుట్‌మన్ చేసిన పని వినడానికి చాలా చిన్నది. రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. పగలూ రాత్రీ తేడా లేదు, పండగ లేదు, సెలవు లేదు. అంతవరకు వాడుతున్న పిండికట్లను తీసివేయించి దిండ్లు అమర్చారు. మూత్రపు గొట్టం వేసేటప్పుడు ఆపరేషన్ గదిలో పాటించేంత శుభ్రత పాటించమన్నారు. అర్ధరాత్రి టార్చి పట్టుకొని తానే వార్డులోకి వచ్చి, సమయానికి తిప్పారా లేదా అని చూసేవారు. తిప్పకపోతే ఎంత పెద్దవాళ్లనైనా వదిలేవారు కాదు. నర్సులు, సహాయకులు మొదట్లో విసుక్కున్నారు. కానీ పుండ్లు మానడం మొదలయ్యాక వాళ్లకే నమ్మకం కుదిరింది. అప్పుడప్పుడే అందుబాటులోకి వస్తున్న పెన్సిలిన్ కూడా తోడైంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ దారిలో ఆయన ఒక్కరే నడవలేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో డొనాల్డ్ మన్రో అనే వైద్యుడు 1930లలోనే ఇలాంటి రోగుల కోసం ప్రత్యేక వార్డు నడిపారు. కానీ శరీరంతో పాటు మనసుకు, పనికి, ఆటకు, ఇంటికి ముడిపెట్టి ఒక పూర్తి పద్ధతిగా తయారుచేసి ప్రపంచానికి అందించినది గుట్‌మన్.

బతికించడం సగం పనే

పుండ్లు మానాయి, జ్వరాలు తగ్గాయి. అప్పుడు ఇంకో సమస్య ఎదురైంది. ఈ సైనికులంతా ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు. నిన్నటి దాకా తుపాకి పట్టి, విమానం నడిపి, తోటివారిని కాపాడినవాళ్లు. ఈ రోజు తమ ఒంటిని తామే తిప్పుకోలేరు. ఇంటికి భారమని, పెళ్లాం పిల్లలకు ముఖం చూపించలేమని, యుద్ధంలోనే పోయి ఉంటే బాగుండేదని అనుకునేవాళ్లు. గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లు. చుట్టుపక్కలవాళ్లు కూడా జాలి చూపడం తప్ప మరేమీ చేసేవాళ్లు కాదు.

గుట్‌మన్‌కు జాలి అంటే కోపం. జాలి ఆ పాత తెరలాంటిదే. మనిషిని మంచం మీదే ఉంచి, బతికి ఉండగానే లోకానికి కనబడకుండా చేస్తుంది. అందుకే ఆయన మంచం మీద ఊరికే పడుకోనివ్వలేదు. పొద్దున్నే లేపి కూర్చోబెట్టడం, చేతులకు, భుజాలకు వ్యాయామం, చక్రాల కుర్చీలోకి తానే ఎక్కడం నేర్పించారు. ఆస్పత్రిలోనే వడ్రంగం, గడియారాల మరమ్మతు, టైపింగ్ నేర్పే ఏర్పాటు చేశారు. రోగి బతికి బయటపడితే చాలనుకోలేదు. అతను మళ్లీ ఉద్యోగం చేసి, జీతం తీసుకొని, అందరిలా ప్రభుత్వానికి పన్ను కట్టిన రోజే తన వైద్యం పూర్తయినట్టు లెక్క అని భావించారు.

ఆట మొదలైంది

సైనికులకు ఊరికే వ్యాయామం అంటే విసుగు. ఆట అంటే ఉత్సాహం. ఒకరోజు కొందరు రోగులు చక్రాల కుర్చీల్లో తిరుగుతూ చేతికర్రలతో ఒక బిళ్లను కొట్టుకుంటూ ఆడటం ఆయన చూశారు. వెంటనే తానూ ఒక చక్రాల కుర్చీలో కూర్చొని, వ్యాయామ శిక్షకుణ్ణి ఇంకో కుర్చీలో కూర్చోబెట్టి ఆడి చూశారు. అలా చక్రాల కుర్చీ పోలో పుట్టింది. దెబ్బలు ఎక్కువ తగులుతున్నాయని తరువాత దాన్ని మానిపించి బాస్కెట్‌బాల్ పెట్టారు. విలువిద్యకు ప్రత్యేక స్థానం ఇచ్చారు. విల్లు లాగడానికి భుజాలు, వీపు, చేతులు చాలు. కాళ్లతో పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, విలువిద్యలో చక్రాల కుర్చీలో ఉన్నవాడు నిలబడగలిగినవాడితో సమానంగా పోటీపడగలడు.

1948 జూలై 29వ తేదీన లండన్‌లో ఒలింపిక్ క్రీడలు అట్టహాసంగా ప్రారంభమయ్యాయి. సరిగ్గా అదే రోజు స్టోక్ మాండవిల్ ఆస్పత్రి పచ్చిక మీద ఇంకో పోటీ జరిగింది. రిచ్‌మండ్‌లోని గాయపడిన సైనికుల వసతి గృహం ఒక జట్టు, స్టోక్ మాండవిల్ ఒక జట్టు. మొత్తం 16 మంది విలుకాళ్లు. వారిలో ఇద్దరు స్త్రీలు. అందరూ సైన్యంలో పనిచేసి గాయపడినవాళ్లే. లక్షల జనం లేరు, బ్యాండు మేళాలు లేవు. కానీ మరుసటి సంవత్సరమే గుట్‌మన్, ఈ పోటీలు ఏదో ఒకరోజు వికలాంగుల ఒలింపిక్స్ అంతటివి అవుతాయని ప్రకటించారు. విన్నవాళ్లు నవ్వుకొని ఉంటారు.

1952లో నెదర్లాండ్స్ నుంచి మాజీ సైనికులు వచ్చి పాల్గొనడంతో ఆ పోటీలు అంతర్జాతీయమయ్యాయి. ఆ ఏడు 130 మంది పోటీపడ్డారు. 1956లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఆయన కృషికి ఒక కప్పు బహూకరించింది. 1960లో రోమ్ ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకే అదే నగరంలో 23 దేశాల నుంచి 400 మంది చక్రాల కుర్చీల్లో పోటీకి దిగారు. మొదటి పారాలింపిక్స్‌గా చరిత్ర దానినే గుర్తించింది. మొదట వెన్నుపాము దెబ్బతిన్నవారికే పరిమితమైన ఆ క్రీడల్లోకి 1976లో కెనడాలో అంధులు, అవయవాలు కోల్పోయినవారు కూడా ప్రవేశించారు. గాయపడిన సైనికుల వార్డులో మొదలైనది ప్రపంచంలోని వికలాంగులందరి హక్కు అయింది.

మన దేశపు జవాను

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మహారాష్ట్రకు చెందిన మురళీకాంత్ పేట్కర్ గారు భారత సైన్యంలో ఈఎంఈ దళంలో జవాను. ఆ దళపు శిక్షణ కేంద్రం మన సికింద్రాబాదులో ఉంది. ఆయన మంచి బాక్సర్. 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఒంట్లోకి తూటాలు దిగాయి. నడుము కింద భాగం దెబ్బతింది. బాక్సింగ్ ఆగిపోయింది. ఆయన ఈత మొదలుపెట్టారు. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో పూర్తిచేసి బంగారు పతకం సాధించారు. పారాలింపిక్స్‌లో భారతదేశానికి అదే మొదటి బంగారు పతకం. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పుట్టుక కారణంగా గుట్‌మన్‌ను తరిమేసిన జర్మనీ నేల మీదే, గుట్‌మన్ మొదలుపెట్టిన క్రీడల్లో ఒక భారతీయ జవాను పతకం గెలవడం చరిత్రలోని ఒక చక్కని న్యాయంగా మాకు తోస్తుంది.

మన సైన్యం కూడా 1974లో పూణె దగ్గరి ఖడ్కీలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం పునరావాస కేంద్రం నెలకొల్పింది.

2024లో పారిస్ పారాలింపిక్స్‌కు జ్యోతిని ముందుగా స్టోక్ మాండవిల్‌లో వెలిగించి తీసుకువెళ్లారు. ఆ క్రీడల్లో మన దేశానికి 29 పతకాలు వచ్చాయి. వాటిలో ఒకటి మన వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవంజి దీప్తిది. మేధోపరమైన ఇబ్బంది ఉన్నవారి విభాగంలో 400 మీటర్ల పరుగు పందెంలో ఆమె కాంస్యం గెలిచింది. ఒక ఆస్పత్రి పచ్చిక మీద 16 మందితో మొదలైన బాట మన పల్లె దాకా వచ్చిందన్నమాట.

స్వభావం, చివరి రోజులు

గుట్‌మన్ దేవుడేమీ కారు. ముక్కోపి. తాను చెప్పిందే జరగాలనే పట్టుదల మనిషి. ఆయనతో పనిచేయడం కష్టమని సహచరులు చాలామంది చెప్పుకున్నారు. కానీ ఆయన వార్డులోని సైనికులు మాత్రం ఆయన్ను చనువుగా నాన్న అని అర్థం వచ్చే పేరుతో పిలుచుకునేవారు. తిట్టేది తమ మీద ప్రేమతోనే అని వాళ్లకు తెలుసు. తమను రోగులుగా కాక, పనికొచ్చే మనుషులుగా చూసిన మొదటి వ్యక్తి ఆయనే కాబట్టి.

1945లో ఆయనకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. 1961లో బ్రిటన్‌లో వికలాంగుల క్రీడా సంఘాన్ని స్థాపించారు. 1966లో సర్ బిరుదు లభించింది. 1969లో స్టోక్ మాండవిల్‌లో వికలాంగుల కోసమే కట్టిన క్రీడా ప్రాంగణాన్ని రాణి ఎలిజబెత్ ప్రారంభించారు. 1976లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చి గౌరవించింది. 1979 అక్టోబరులో గుండెపోటు వచ్చింది. 1980 మార్చి 18న, తన 80వ ఏట కన్నుమూశారు. 2012లో లండన్ పారాలింపిక్స్ జరిగిన ఏడాది ఆయన కంచు విగ్రహాన్ని స్టోక్ మాండవిల్‌లో ఆవిష్కరించారు.

మా సొంత మాట

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో కారణం. మేము ఈ హాస్టల్లో ఆరో తరగతిలో చేరి పది దాకా చదివాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కావడానికి ఈ నాలుగు గోడలే కారణం. మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఉండేవాడు. చిన్నప్పుడు ట్రాక్టరు మీద నుంచి పడి ఒక కాలు వంకరపోయింది. సాయంత్రం ఆటల బెల్లు కొట్టగానే మేమంతా గ్రౌండుకు పరుగెత్తేవాళ్లం. అతను మెల్లగా వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. వాలీబాల్ స్కోరు లెక్కపెట్టేవాడు. మా చొక్కాలకు, చెప్పులకు కాపలా కాసేవాడు. అతని ప్లేటు కడిగిపెట్టేవాళ్లం, బకెట్టు మోసేవాళ్లం. అతన్ని బాగా చూసుకుంటున్నామని మాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. కానీ అయిదేళ్లలో ఒక్కసారి కూడా, నువ్వు ఆడతావా అని అడగలేదు.

పీజీలో చేరాక గ్రంథాలయంలో గుట్‌మన్ జీవితం చదివినప్పుడు మాకు మొదట గుర్తుకొచ్చింది ఆ గట్టు. మేము కట్టింది కూడా ఒక తెరే కదా అనిపించింది. పోయిన సంక్రాంతికి అతన్ని కలిసినప్పుడు ధైర్యం చేసి ఈ సంగతి ఎత్తాం. అతనేమీ కోపగించుకోలేదు. తన చేతులు రెండూ బాగానే ఉండేవని మాత్రం అన్నాడు. ఆ తరువాత కాసేపు మేమెవరం మాట్లాడలేదు.

తమ్ముళ్లారా, గుట్‌మన్ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది పెద్ద పెద్ద మాటలు కాదు. ఆయన ఆశను ఉపన్యాసంగా ఇవ్వలేదు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడంగా ఇచ్చారు. చేతికి విల్లు ఇచ్చారు. రేపు చేయవలసిన పని ఒకటి చూపించారు. పోయినదాన్ని లెక్కపెట్టకుండా మిగిలినదాన్ని వెతికారు. సర్వీసు అయిపోయి, కాలో చెయ్యో పోగొట్టుకొని ఊరికి వచ్చిన జవాన్లు మన గ్రామాల్లోనూ ఉన్నారు. ఆగస్టు 15 నాడు వాళ్లకు శాలువా కప్పి పంపించేస్తున్నాం. శాలువా మంచిదే. కానీ మరునాడు వాళ్ల దగ్గరకు వెళ్లి, పిల్లలకు పరుగు నేర్పమని, డ్రిల్లు నేర్పమని, లెక్కలు చెప్పమని అడిగితే అంతకన్నా మంచిది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. ఈ వార్షికోత్సవ క్రీడల్లో కూర్చొని విసిరే షాట్‌పుట్, క్యారమ్స్ పోటీలు కూడా పెట్టాలని మా బ్యాచ్ తరఫున వార్డెన్ సార్‌ను కోరాం. సార్ ఒప్పుకున్నారు. బహుమతులు మేము ఇస్తాం. గట్టు మీద ఎవరైనా కూర్చొని కనబడితే, స్కోరు రాయమని చెప్పేముందు, ఆడతావా అని ఒక్కమాట అడగండి. వాడు వద్దంటే వద్దు. కానీ అడగకుండా మాత్రం ఉండకండి.

– ఎం.ఏ. (చరిత్ర) ద్వితీయ సంవత్సరం, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి